ఆడ నల్లికి ఏమైతది?

గౌలిపురాలో మా నాయినమ్మకి ఒక మంచం ఉండేది. టేకు కోళ్లు, నులక అల్లిక. ఎండాకాలం రాగానే దాన్ని వాకిట్లోకి ఈడ్చి, కోళ్లూ పట్టెలూ కలిసే సందుల్లో మసిలే నీళ్లు పోసేది. నల్లుల కోసం. గోడ అవతల ఇంటివాళ్లు వాటిని ఖట్మల్ అనేవాళ్లు. పేరు ఏదైనా మందులు అవే: వేడినీళ్లు, కిరసనాయిలు, ఎండ. దేవుళ్లు అంతంత దూరం పోయి మంచుకొండల మీదా, పాముల మీదా పడుకోవడానికి అసలు కారణం నల్లులేనని వెక్కిరించే చాటుపద్యం మనలో చాలామందికి చిన్నప్పటి నుంచే తెలుసు. అంటే తెలుగువాళ్లకి నల్లి గురించి తెలియాల్సింది తెలుసనే నేను అనుకునేవాణ్ణి.

రెండేళ్ల కింద ఎవరో ఒక వీడియో పంపారు. మగ నల్లికి కొడవలిలాంటి అంగం ఉంటుంది. ఆడ నల్లికి గుడ్లు పెట్టే దారి ఉన్నా, మగది దాని జోలికి పోదు. నేరుగా పొట్ట కింద కుడివైపు చర్మాన్ని పొడిచి, శుక్రకణాల్ని ఒంట్లోకి ఎక్కిస్తుంది. అవి శరీరద్రవంలో ఈదుకుంటూ అండాశయాల వైపు వెళ్తాయి. వీడియో కింద అందరిలాగే నేనూ ఒక నవ్వు బొమ్మ పెట్టి ఇంటి గ్రూప్‌లోకి తోశాను. మా అక్క ఒక్క ముక్క రాసింది: "మరి ఆడ నల్లికి ఏమైతది?"

జవాబు వెతుకుతూ పోతే తేలింది ఏంటంటే, శాస్త్రవేత్తలు ఈ పొడవడాన్ని వందేళ్ల కిందే చూశారు. కానీ మా అక్క అడిగిన ప్రశ్నని కొలిచి చూడ్డానికి వాళ్లకి ఇంకో ఎనభై ఎనిమిదేళ్లు పట్టింది. ఈ వ్యాసం ఆ మధ్యకాలం గురించి.

కథ మన ఊళ్లోనే మొదలుపెట్టొచ్చు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ ఒక దోమ పొట్ట కోసి, లోపల మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమలు కుట్టింది హుస్సేన్ ఖాన్ అనే రోగిని. దోమకి ఒక అణా చొప్పున రాస్ అతనికి డబ్బులిచ్చాడు. బేగంపేటలోని ఆ భవనం ఇప్పుడు ఉస్మానియా యూనివర్సిటీ కింద రాస్ పేరు మీద పరాన్నజీవుల పరిశోధన సంస్థగా ఉంది. నేను మూడుసార్లు దాని ముందు నుంచి బండి మీద పోయాను, ఒక్కసారీ ఆగలేదు. ఆ రోజు నుంచి ఆడదోమ ప్రపంచ ప్రసిద్ధురాలైంది. స్కూల్లో ఐదో తరగతి పిల్లాడు కూడా "ఆడ అనాఫిలస్" అని గడగడా అప్పజెప్తాడు. కీటకాల్లో ఆడదాన్ని విడిగా గుర్తుపెట్టుకున్న ఒక్క సందర్భమూ అదే, అదీ నిందితురాలిగా!

అదే 1897లో, ఇటలీలో రిబాగా అనే కీటక శాస్త్రవేత్త ఆడ నల్లి పొట్ట కింద ఒక వింత అవయవం ఉందని రాశాడు. మగవాటికి అది లేదు. మరుసటి ఏడాది బెర్లేసే దాన్ని ఇంకా లోతుగా చూశాడు. అలా ఆ అవయవానికి ఇద్దరు మగ శాస్త్రవేత్తల పేర్లూ వచ్చాయి, రిబాగా అవయవం, బెర్లేసే అవయవం అని. (ఆడవాళ్ల ఒంట్లో భాగాలకి మగ డాక్టర్ల పేర్లు పెట్టడం నల్లులతో ఆగిపోలేదు. ఫెలోపియన్ ట్యూబుల్లో ఫెలోపియన్ కూడా ఒక ఇటలీ ఆయనే.)

రాస్ తర్వాత ఒక వేలంవెర్రి మొదలైంది. రక్తం తాగే ప్రతి పురుగునీ కోసి చూడటం. 1903లో మద్రాసులో డోనోవాన్, ఇంగ్లండ్‌లో లీష్మన్ కాలా అజార్ జ్వరానికి కారణమైన క్రిమిని బయటపెట్టారు. మరి దాన్ని మోసుకొచ్చే పురుగు ఏది? మద్రాసులో పనిచేస్తున్న ఇండియన్ మెడికల్ సర్వీస్ డాక్టర్ ప్యాటన్ అనుమానం నల్లి మీద పడింది. 1907లో ఆ క్రిమి నల్లి ఒంట్లో ఎలా పెరుగుతుందో రాశాడు. ఆయన చేతిలో ఉన్నది ఐరోపా నల్లి కాదు, మన వేడి దేశాల నల్లి. మా నాయినమ్మ మంచంలోదీ ఆ జాతే అయ్యుండాలి.

ప్యాటన్ అనుమానం తప్పు. కాలా అజార్‌ని మోసేది ఇసుక ఈగ. స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్ అనే ముగ్గురు 1942లో ఆ లెక్క తేల్చారు. కానీ ఆ తప్పుడు అనుమానం వల్లే నల్లి మైక్రోస్కోపు కిందికి వచ్చింది. ప్యాటన్, ఆయన సహోద్యోగి క్రాగ్ కలిసి 1913లో వైద్య కీటకశాస్త్రం మీద ఒక లావుపాటి పాఠ్యపుస్తకం వేశారు. ఆ అవయవం ఏ పనికి ఉందో, సంయోగం అక్కడే ఎలా జరుగుతుందో అందులో ఉంది. క్రాగ్ అక్కడితో ఆగలేదు. 1915లో, 1920లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వరసగా వ్యాసాలు రాశాడు. మన దేశపు పత్రికలో, మన దేశంలో చేసిన పని. ఈ రోజు నల్లుల గురించి వచ్చే ప్రతి వైరల్ వీడియో వెనకా ఆ పని ఉందని ఎవరూ చెప్పరు.

అయితే క్రాగ్ ఆసక్తి ఎటు? 1920 వ్యాసం శీర్షికే చెప్తుంది: నల్లి పునరుత్పత్తి వ్యవస్థ, ముఖ్యంగా శుక్రకణాల ప్రవర్తన. శుక్రకణం ఎటు పోయింది, ఎంతసేపు ఈదింది, ఎక్కడ ఆగింది. ఆడ నల్లి ఒళ్లు ఆ ప్రయాణానికి రోడ్డు. నేను ఆయన్ని తిట్టడం లేదు. డాక్టర్‌కి కావలసింది జబ్బు మోసే పురుగు. పురుగు ఎన్నాళ్లు బతికితే అంత ప్రమాదం. నల్లి ఆయుష్షు తగ్గితే ఆయనకీ మా నాయినమ్మకీ ఇద్దరికీ సంతోషమే.

ఆ తర్వాత అర్ధ శతాబ్దం ఈ విషయం పెద్దగా కదల్లేదు. 1960ల్లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త కారయోన్ నల్లి కుటుంబం మొత్తాన్నీ పరిశీలించి, 1966లో అచ్చయిన నల్లుల మహాగ్రంథంలో ఈ పద్ధతికి ట్రామాటిక్ ఇన్‌సెమినేషన్ అన్న పేరు స్థిరపరిచాడు. తెలుగులో ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియలేదు. "గాయ గర్భాధానం" అందామంటే మనకి గర్భాధానం పేరుతో ముహూర్తం, కొత్త బట్టలు, పాలగ్లాసు ఉన్నాయి. పొడుపు సంయోగం అని ఊరుకుంటాను.

పేరులో గాయం వచ్చింది కానీ లెక్కలోకి రాలేదు. పైగా ఆ రోజుల్లో కొందరు శాస్త్రవేత్తలు ఊహించింది ఇంకోటి: అలా ఒంట్లోకి ఎక్కిన అదనపు శుక్రకణాలు ఆడ నల్లికి ఆహారంగా పనికొస్తాయేమో అని. చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచాను. పొట్టలో పొడిచిన పోటు కూడా కానుకే అన్నమాట.

ఎందుకు అడగలేదు? నాకు అర్థమైనంతలో, అప్పటి జీవశాస్త్రంలో సంయోగం అంటే ఆడా మగా కలిసి జాతి కోసం చేసే పని. ఇద్దరి లాభమూ ఒకటే అనుకున్నప్పుడు ఒకరి నష్టం కనబడదు. 1964లో హామిల్టన్, 1966లో విలియమ్స్ "జాతి మేలు" అన్న ఆలోచన పునాదులు కదిపారు. ప్రకృతి ఎంపిక పనిచేసేది జాతి కోసం కాదు, ఒక్కో జీవి మీద, ఒక్కో జన్యువు మీద అన్నారు. అక్కణ్ణుంచి 1979లో జెఫ్రీ పార్కర్ అసలు మాట అన్నాడు: ఆడదాని లాభమూ మగదాని లాభమూ ఒకటి కానక్కర్లేదు. మగదానికి కలిసొచ్చే గుణం ఆడదానికి హాని చేసేదైనా, పరిణామంలో అది నిలబడి పాకిపోవచ్చు. దీన్నే లైంగిక సంఘర్షణ అంటున్నారు. నల్లిలో కొత్తగా ఏమీ మారలేదు. చూసేవాళ్ల చేతికి ఒక ప్రశ్న దొరికింది, అంతే.

చివరికి 2001లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ యూనివర్సిటీలో స్టట్, శివ-జోతి ఆ లెక్క కట్టారు. కడుపు నిండా రక్తం తాగిన ఆడ నల్లి ఉబ్బిపోయి ఉంటుంది, పారిపోలేదు, పొట్టని నేలకి అదిమి దాచుకోలేదు. మగది అప్పుడే వస్తుంది. ఒక్కో భోజనం తర్వాత సుమారు ఐదు పోట్లు. గుడ్లు ఫలించడానికి అన్ని అక్కర్లేదు. మామూలుగా పడేన్ని పోట్లు పడ్డ ఆడ నల్లులు, అవసరమైనంత మేరకే కలిసిన వాటికంటే దాదాపు పాతిక శాతం తక్కువ కాలం బతికాయి. పెట్టిన గుడ్ల రేటులో తేడా లేదు. మరి మగవాటికి అన్నిసార్లు ఎందుకంటే, చివర కలిసిన మగదానికే ఎక్కువ పిల్లలు దక్కుతాయి.

మా అక్కకి జవాబు అది. పాతిక శాతం.

రిబాగా చూసిన ఆ అవయవం కూడా అప్పుడు వేరేగా కనిపించడం మొదలైంది. 2003లో రైన్‌హార్ట్, అదే షెఫీల్డ్ బృందం మురికి సూదితో ఆ చోట ఒకసారి, వేరే చోట ఒకసారి పొడిచి చూశారు. ఆ చోట పొడిస్తే నష్టం తక్కువ. అంటే అది ఆడ నల్లి తరతరాలుగా కట్టుకున్న డాలు, క్రిములు లోపలికి పోకుండా కాపలా. ఇద్దరు మగవాళ్ల పేర్లు మోస్తున్నది నిజానికి ఆడదాని రక్షణ. ఇప్పుడు దాన్ని ఎక్కువగా స్పెర్మలీజ్ అంటున్నారు. ఆ పేరులోనూ శుక్రకణమే ముందుంది, ఏం చేస్తాం.

ఇక్కడితో ముగిస్తే కథ నాకు నచ్చినట్టు ఉంటుంది. కానీ 2009లో అదే బృందం ఇంకో ప్రయోగం చేసింది. పోట్ల సంఖ్య మార్చకుండా, లోపలికి వెళ్లే వీర్యం మోతాదు మాత్రం మార్చి చూశారు. ఎక్కువ అందుకున్న ఆడ నల్లులు ఎక్కువ కాలం గుడ్లు పెట్టగలిగాయి. పోటు నష్టం, వీర్యంలో కొంత లాభం. నేను కుర్చీలోంచి లేచిన ఆ పాత ఊహలో పిసరంత నిజం ఉంది. కాకపోతే 1960ల్లో అది కొలవకుండా అన్నమాట, 2009లో కొలిచి అన్నమాట.

నల్లి ఒక్కటే అయితే ఏదో అసహ్యపు పురుగు గొడవ అనుకోవచ్చు. మీ వంటింట్లో అలసందలు, మేం బబ్బెర్లంటాం, వాటి డబ్బా తెరవండి. గింజ మీద తెల్ల చుక్క ఉంటే అది గుడ్డు, గుండ్రటి చిల్లు ఉంటే పుచ్చు పురుగు బయటికొచ్చిన దారి. పెద్ద పురుగు ఏమీ తినకుండానే పది రోజులు అటూ ఇటుగా బతుకుతుంది. ఆ పది రోజుల్లోనే అంతా. మగదాని అంగం నిండా ముళ్లు. సంయోగం మధ్యలో ఆడది వెనక కాళ్లతో తంతుంది. ఆ తన్నులు ఆపేలా చేస్తే సంయోగం పొడుగవుతుంది, లోపలి గాయాలు పెరుగుతాయి. ఇది 2000లో క్రడ్జింగ్టన్, శివ-జోతి చూపించారు. 2009లో స్వీడన్‌లో హోట్జీ, ఆర్న్‌క్విస్ట్ ఇంకో అడుగు వేశారు: ముళ్లు ఎంత పొడుగైతే మగదానికి అన్ని ఎక్కువ పిల్లలు. గాయం చేయడం దాని ఉద్దేశం కాదు. గెలుపుకి పక్కన రాలిపడే ఖర్చు, అది ఆడదాని ఖాతాలో పడుతుంది. ఇలాంటి ప్రయోగాలకి ప్రపంచమంతా లాబుల్లో పెంచే పురుగుల్లో దక్షిణ భారత రకం ఒకటుంది. 1979లో తిరునెల్వేలిలో పెసర, మినుము కాయల్లోంచి ఏరుకుపోయిన పురుగుల సంతతి అది. మన పప్పుల్లో పుట్టి విదేశాల్లో సెటిలైన బ్యాచ్.

ఒక మాట చెప్పకపోతే మనసొప్పదు. ఈ సంగతులు తెలిశాక వాటిని మనుషుల మీదికి లాక్కొచ్చేవాళ్లు తయారుగా ఉంటారు. 1980లో థార్న్‌హిల్ అనే శాస్త్రవేత్త తేలుఈగల్లో మగదాని బలవంతాన్ని నేరుగా రేప్ అని రాసి, దాన్నించి అన్ని జీవులకీ ఒక సిద్ధాంతం లాగాడు. 2000లో పామర్‌తో కలిసి మనుషుల మీద పుస్తకమే వేశాడు. ప్యాట్రీషియా గోవాటీ 1982లోనే ఈ పదాల వాడకాన్ని తప్పుపట్టింది. పురుగుకి చట్టం లేదు, సమ్మతి లేదు, సిగ్గు లేదు. "నేచర్‌లోనే ఉంది బ్రో" అని ఆఫీసు క్యాంటీన్‌లో ఒకతను నాతో అన్నాడు. నేచర్‌లో తన్నే కాళ్లూ, డాలూ కూడా ఉన్నాయి, అవి అతనికి ఎందుకో గుర్తురాలేదు.

మొన్న ఆదివారం గౌలిపురా వెళ్లాను. నాయినమ్మ లేదు, మంచాన్ని ఎప్పుడో పాతసామాన్ల వాడికిచ్చేశారు. అక్క మేడ మీద పాత చీర పరిచి పుచ్చిన బబ్బెర్లు ఎండబోస్తోంది. పాతిక శాతం సంగతి, 1913, 2001 అన్నీ చెప్పాను. చేత్తో గింజలు నెరుపుతూనే విన్నది.

"చూసినోళ్లు చూసిన్రు గదా, మరి అడగనీకె అన్నేండ్లు ఎందుకు పట్టిందిరా?"

నేను హామిల్టన్ దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాను. ఎండకి గింజల్లోంచి పురుగులు ఒక్కొక్కటే బయటికొచ్చి చీర అంచు వైపు నడుస్తున్నాయి. వాటిలో ఏది ఆడదో ఏది మగదో చూసి చెప్పమంది అక్క. నాకు తెలియలేదు.