కోడిపిల్లకు కాపలా

ఢిల్లీలోని వసంత్ కుంజ్ ఇళ్లను ఆనుకునే ఆరావళి గుట్టలున్నాయి. ఢిల్లీ అభివృద్ధి సంస్థ (డీడీఏ) కట్టిన ఫ్లాట్లకూ, వాటికంటే ఎంతో ముందునుంచీ ఉన్న మసూద్‌పుర్, కిషన్‌గఢ్, రంగ్‌పురి ఊళ్లకూ ఆ రాతి అడవే పొరుగు. ఒకప్పుడు అభ్రకం తవ్వి వదిలేసిన గోతుల మీద పెంచిన జీవవైవిధ్య పార్కు కూడా దగ్గర్లోనే. అక్కడి పొదల్లో నక్కలున్నాయి, ముంగిసలున్నాయి. పగలంతా ఢిల్లీ ఆకాశంలో గద్దలు గింగిరాలు కొడుతూనే ఉంటాయి. ఇలాంటి చోట నాలుగు కోళ్లు పెంచుకోవాలనుకునేవారికి మేతకంటే ముందు కాపలా సంగతి గుర్తుకొస్తుంది. కోడిని మచ్చిక చేసుకున్న నాటినుంచీ మనిషిని వేధిస్తున్న చిక్కే ఇది.

మొదటి కాపలాదారు కోడే. ఆగ్నేయాసియాలో సుమారు 3,500 ఏళ్ల కిందట అడవికోడి ఊళ్లోకి వచ్చినప్పుడు తన కూతలను కూడా వెంట తెచ్చుకుంది. గద్ద కనబడితే పుంజు సన్నగా, సాగదీసి అరుస్తుంది. విన్న పెట్టలు చప్పున నక్కుతాయి. నక్కో పిల్లో నేలమీద వస్తుంటే ఆగకుండా కొక్కొక్కుమంటుంది. అప్పుడవి మెడలు నిక్కించి చుట్టూ చూస్తాయి. పీటర్ మార్లర్, క్రిస్టఫర్ ఎవాన్స్ వంటి పరిశోధకులు 1980, 90లలో ఈ రెండు కూతలనూ విడదీసి పరీక్షించారు. పక్కన పెట్ట ఉంటే పుంజు ఎక్కువగా హెచ్చరిస్తుందనీ తేలింది. పిల్లలకోడి సంగతి మన పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. గద్ద నీడ పడితే రెక్కలు విప్పి పిల్లలన్నిటినీ కిందికి లాక్కుంటుంది. ఆసిల్ పెట్టయితే పాము మీదికైనా ఎగబడుతుందని పేరు. ఆంధ్రలోనూ కనిపించే ఈ జాతిని పందెంకోడిగానే లోకం ఎరుగును. దాని తల్లితనాన్ని పొగిడినవాళ్లు తక్కువ, అది నాకు లోటుగానే తోస్తుంది.

పక్షికి పక్షినే కాపలా పెట్టడమూ పాత పద్ధతే. క్రీ.పూ. 390లో గాల్ సైన్యం రోమ్ కోటగుట్ట ఎక్కుతుంటే కుక్కలు పసిగట్టలేదనీ, జూనో గుడి పెద్దబాతులే అరిచి లేపాయనీ ఐతిహ్యం. ఆఫ్రికానుంచి వచ్చిన గినీ కోడిదీ అదే తీరు, కొత్త అలికిడి వినిపిస్తే ఊరంతా వినేలా గోల పెడుతుంది. కానీ అరుపు అరుపే. నక్కను తరిమేవాడు ఇంకొకడు కావాలి.

ఆ ఇంకొకడు కుక్క. ఇక్కడే అసలు మెలిక ఉంది. కోడిని కాపాడగలిగిన దవడలే కోడిని తినగలవు. మన రైతులు దీన్ని ఒక్క మాటలో చెబుతారు: రుచి మరగకూడదు. కోళ్ల మధ్యే కళ్లు తెరిచిన కుక్క వాటి జోలికి పోదు, ఒకసారి రుచి మరిగిందంటే దాన్ని కట్టేసుకోవాల్సిందే.

ఈ నిగ్రహానికి తెలుగునేల మీద నాకు కనిపించే గొప్ప ఉదాహరణ జోనంగి. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ కొల్లేరు పరిసరాల కుక్క ఇది. పొట్టి నున్నటి వెంట్రుకలు, నుదుటిమీద ముడతలు, మొరుగుకంటే రాగం తీసినట్టుండే గొంతు. కోతలయ్యాక రాలిన గింజలకోసం, నత్తలకోసం బాతుల మందలను పొలాలమీద తిప్పేవారు. ఆ మందలను కూడేసి నడిపించింది జోనంగులే. గొర్రెను తోలే కుక్క అదిలించినా పరవాలేదు, బాతుకు పన్ను తగిలితే బాతు పోయినట్టే. వందల బాతుల మధ్య నోరు కట్టుకుని తిరగడం ఆ జాతి తరతరాలుగా నేర్చిన విద్య.

1970ల చివరినుంచి కొల్లేటిలో చేపల చెరువులు వెలిశాయి. మేత నేలలు తగ్గి బాతుల మందలు పలచబడ్డాయి. పని పోయిన జోనంగి చెరువుల్లో చేపలు పట్టుకోసాగింది. నిన్నటి కావలికుక్క నేటి దొంగయింది, చేపల రైతుల చేతుల్లో చాలా చచ్చాయి. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ చిత్తడినేలగా గుర్తింపు వచ్చింది, 2006లో అక్రమ చెరువుల గట్లు కొట్టేశారు. ఇవన్నీ కొంగలకూ గూడబాతులకూ తలచుకున్న మేలు. ఆ నీటినీ బాతులనూ నమ్ముకుని బతికిన కుక్కను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఈనాటికీ కొందరు దాన్ని వెతికి పెంచుతున్నారు, వారికి మనం రుణపడ్డాం.

పెరటి కోళ్లలోనూ కాపలా ఇలాగే జారిపోయింది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియలను పెరటికోసమే రూపొందించింది. రంగురంగుల ఈకలు శత్రువు కంటికి ఆనవు, పొడుగు కాళ్లు పరుగుకు సాయం. వనరాజా పెరట్లోనూ ఏడాదికి నూరు గుడ్లకు పైగా పెడుతుంది. అయితే పొదుగుకు కూర్చునే గుణం దాదాపు పోయింది. తల్లి లేదు కనుక పిల్లలను ఆరు వారాల దాకా లోపల పెంచి వదలమంటారు. గుడ్లు పెరగడం పేదింటికి నిజమైన లాభం, కాదనను. తల్లి రెక్క స్థానంలో ఇనుపవల వచ్చిందన్నది మాత్రం మరవకూడదు.

పడమటి దేశాలు ఈలోగా కుక్క దగ్గరికే తిరిగొచ్చాయి. 1972లో అమెరికా ప్రభుత్వ భూముల్లో వేటాడే జంతువులకు విషం పెట్టడాన్ని నిషేధించాక, పరిశోధకుడు రేమండ్ కాపింజర్ ఐరోపా, ఆసియాల కావలి కుక్కలను తెప్పించి పరిశీలించాడు. కుక్కపిల్ల పుట్టిన మొదటి 16 వారాల్లో ఎవరి మధ్య పెరిగితే వారినే తనవారనుకుంటుందని ఆయన చెప్పింది మన రైతు మాటకు దూరం కాదు. ఆస్ట్రేలియాలోని వార్నంబూల్ దగ్గర అలన్ మార్ష్ అనే కోళ్ల రైతు నక్కలను ఆపడానికి ఇటలీ జాతి మరెమ్మా కుక్కలను పెట్టుకున్నాడు. పక్కనే మిడిల్ ఐలండ్‌లో నక్కల వాతపడి చిన్న పెంగ్విన్లు 2005 నాటికి పదిలోపుకు పడిపోయాయి. 2006లో అక్కడికీ మరెమ్మాలను పంపితే మళ్లీ పుంజుకున్నాయి.

వసంత్ కుంజ్ వీధికుక్క అలా పెరగలేదు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమని, మళ్లీ కొద్దిరోజులకే టీకా వేసి, సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి చాలావాటిని వదిలేయమని చెప్పింది. ఆ కుక్కలకు కోడిని అప్పగించలేం, తప్పు వాటిది కాదు. పెంచదలచినవారు కుక్కపిల్లనూ కోడిపిల్లలనూ ఒకే నెలలో ఇంటికి తెచ్చుకోవచ్చు. ఆరు వారాలపాటు మధ్యలో వల ఉండాలి. వాసన, కూత, ఉనికి అలవాటయ్యాక, మనం పక్కనుండగా, పొట్ట నిండిన వేళ చూసి ఆ వల తియ్యాలి.