నిందపడిన ఆటగానికి మరల తావు కలదా?

మా అత్వెల్లి గ్రామము మేడ్చలునకు చేరువగా, నాగపురము పోవు పెద్దబాట దాపున నున్నది. కోతలైన పిమ్మట బీడుపడిన మళ్ళలో సాయంకాలమున పిల్లలు క్రికెట్టాడుచుండగా చూచుచు, మేము ఇరువది యేండ్లుగా బడినుండి యింటికి వచ్చుచున్నాము. మళ్ళు ఏటేట తగ్గి యిండ్లస్థలము లగుచున్నవి. ఆట మాత్రము తగ్గలేదు. ఈ వేసవిలో ఆ పిల్లల తండ్రులు కొందరు మా యొద్దకు వచ్చి యొక సందేహము నడిగిరి. మా పూర్వవిద్యార్థి యొకడు పిల్లలకు ఆట నేర్పెదనని ముందుకు వచ్చినాడు. అతడు చదువుకొను దినములలో కాలేజీ జట్టునుండి నిందతో తొలగింపబడినవాడు. అట్టివానికి పిల్లల నప్పగింపవచ్చునా యని వారి ప్రశ్న. మేము అప్పటికప్పుడు బదులు చెప్పలేకపోతిమి. అందులకు గల కారణమును కడపట విన్నవించెదము. ముందుగా, ఈ ప్రశ్న లోకమున నెట్లెట్లు పుట్టినదో, పెద్దలు దాని నెట్లు తీర్చిరో చరిత్రనుండి విచారింతము.

ఆటలో అన్యాయము నేడు పుట్టినది కాదు. క్రీస్తునకు పూర్వము 388వ సంవత్సరమున, గ్రీసుదేశపు ఒలింపియా క్షేత్రమున, యూపోలసు అను ముష్టియోధుడు తన ప్రత్యర్థులు మువ్వురకు లంచమిచ్చి గెలిచెను. అధికారులు ఇచ్చినవానికిని పుచ్చుకొన్నవారికిని జరిమానా విధించి, ఆ ధనముతో జ్యూసుదేవుని కంచువిగ్రహములు పోయించి, ఆటస్థలమునకు పోవు త్రోవలో నిలిపిరి. తరువాతి ఆటగాండ్రందరు ఆ విగ్రహముల ముందుగానే లోపలికి పోవలసి యుండెను. విగ్రహములు పోయినను వాని పీఠములు నేటికిని అచ్చట నున్నవి.

మన భారతమునందును ఇట్టి ఘట్టము కలదు. నాభికి దిగువను కొట్టరాదనుట గదాయుద్ధ నియమము. భీముడు దుర్యోధనుని తొడలు విరుగగొట్టగా, ఇరువురకును గురువైన బలరాముడు నాగలి యెత్తి భీముని మీదికి పోయెను. కృష్ణు డడ్డుపడి, ద్రౌపదికి జరిగిన పరాభవమును, భీముని ప్రతిజ్ఞను చెప్పి శాంతింపజేసెను. బలరాముడు ఆగెనే కాని యొప్పుకొనలేదు. భీమునకు కపటయోధుడను పేరు నిలుచునని పలికి ద్వారకకు వెడలిపోయెను. గురువు చూచినది నియమము; బంధువు చూచినది నియమము తప్పుటకు గల కారణము. నేటి వాదములలో సగము ఈ యన్నదమ్ముల వాదమే.

ఇక నవీనకాలమునకు వత్తము. అమెరికాదేశమున కార్లైలు విద్యాలయమున చదివిన జిమ్ థోర్పు అను ఆదిమజాతి యువకుడు 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్ క్రీడలలో రెండు స్వర్ణపతకములు గెలిచెను. అంతకుముందు, 1909, 1910 సంవత్సరముల వేసవులలో అతడు చిన్న జీతమునకు బేస్‌బాలు ఆడియుండెను. జీతమునకు ఆడినవా డొలింపిక్ క్రీడలకు తగడని ఆనాటి నియమము. అట్లు వేసవులలో ఆడిన కాలేజీ విద్యార్థులు మరికొందరు కలరు. వారిలో ననేకులు మారుపేర్లు పెట్టుకొనిరి. థోర్పు తన పేరుతోనే యాడెను. కావున 1913లో సంగతి బయటపడి పతకములు పోయినవి. ఆక్షేపణ యేదైనను క్రీడలు ముగిసిన ముప్పది దినములలోపల తేవలెనను నియమమును ఎవ్వరును పాటింపలేదు. అతడు 1953లో మరణించెను. 1982లో పతకములను పునరుద్ధరించుటకు నిశ్చయించి, మరుసటి యేడు అతని సంతానమునకు ఇచ్చిరి. అతడే యేకైక విజేత యని యొప్పుకొనుట 2022లో గాని జరుగలేదు. నూటతొమ్మిది యేండ్లు పట్టిన న్యాయము! అతడు చేసినది నియమభంగమే యనుకొందము. శిక్షించినవారు చేసినదియు నియమభంగమే కదా.

మన హైదరాబాదు కథ యింతకంటె చిక్కైనది. నిజాము కాలేజీలో చదివిన మహమ్మదు అజహరుద్దీను 1984 డిసెంబరు 31న కలకత్తాలో మొదలైన ఆటతో టెస్టు క్రికెట్టున ప్రవేశించి, మొదటి మూడు టెస్టులలోను మూడు శతకములు చేసెను. తరువాత దేశపు జట్టునకు 47 టెస్టులలో నాయకుడయ్యెను. 2000 ఏప్రిలులో ఢిల్లీ పోలీసులు దక్షిణాఫ్రికా నాయకుడైన హాన్సీ క్రోన్యే జూదరులతో జరిపిన సంభాషణలను వెల్లడించిరి. దానినుండి తీగలాగగా డొంకంతయు కదలినది. కేంద్రపు సీ.బీ.ఐ. విచారణయు, తరువాత క్రికెట్టు బోర్డువారు మాధవన్ గారిచేత చేయించిన విచారణయు జరిగినవి. 2000 డిసెంబరులో బోర్డువారు అజహరుద్దీనునకు యావజ్జీవ నిషేధము విధించిరి. అప్పటికి ఆయన ఆడినవి 99 టెస్టులు. కడపటి దానిలోను శతకము చేసియుండెను. నూరవది లేకపోయినది.

ఆయన అభియోగమును నిరాకరించి న్యాయస్థానమున కెక్కెను. క్రింది కోర్టులో ఓడి, పైకి పోయెను. 2012 నవంబరు 8న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధము న్యాయసమ్మతము కాదని కొట్టివేసెను. అప్పటి కాయన వయస్సు 49 ఏండ్లు. బ్యాటు పట్టు ప్రాయము దాటిన పిమ్మట వచ్చిన తీర్పువలన మైదానమున నేమి ఫలము? ఈ నడుమ 2009లో మొరాదాబాదు ప్రజలు ఆయనను పార్లమెంటునకు పంపిరి. 2019లో హైదరాబాదు క్రికెట్టు సంఘమున కధ్యక్షుడయ్యెను. 2025 అక్టోబరు 31న తెలంగాణమున మంత్రిగా ప్రమాణము చేసెను.

ఈ వరుసను చదువరులు శ్రద్ధగా గమనింపవలెను. ఆయన తప్పుచేసెనని చెప్పుటకు మాకధికారము లేదు. కోర్టు నిషేధమును కొట్టివేసినది. మా యాక్షేపణ వేరు. పండ్రెండేండ్లలో ఒక మనుష్యుడు దోషియో కాదో తేల్చి, దేశమున కందఱకు నమ్మకము కలుగునట్లు చెప్పలేకపోతిమి. తేలకమునుపే ఒక చేత ఆటనుండి వెలివేసి, రెండవచేత శాసనసభాపీఠమునకు పంపితిమి. అతడు నిర్దోషియైనచో ఆ పండ్రెండేండ్లు ఎవ్వరిత్తురు? దోషియైనచో, మోసపోయిన ప్రేక్షకులకు సమాధానమేది? విచారణ చక్కగా జరుగనిచోట అన్యాయము ఇరుప్రక్కలను జరుగును.

నేరము తేలినపిమ్మట శిక్షకు కొలత యేమి యనునది వేరుప్రశ్న. కేరళీయుడైన శ్రీశాంతు 2013లో పందెపు మోసము విషయమున పట్టుబడి యావజ్జీవ నిషేధము పొందెను. క్రిమినలు కోర్టు విడిచిపెట్టినను క్రీడాసంఘపు క్రమశిక్షణ వేరని, అయినను యావజ్జీవశిక్ష మితిమీరినదని, కొలతను మరల విచారింపుడని 2019 మార్చిలో సుప్రీముకోర్టు చెప్పెను. అంతట నది యేడేండ్లకు తగ్గి 2020 సెప్టెంబరున ముగిసినది. 2021లో అతడు కేరళ జట్టున మరల బంతి వేసెను. పాకిస్తానీయుడైన మహమ్మదు ఆమిరు కథ యింకను స్పష్టమైనది. 2010లో లార్డ్సు మైదానమున పైకమునకై నోబాలు వేసినపుడు వానికి పదునెనిమిదేండ్లు. తప్పొప్పుకొనెను, ఐదేండ్లు ఆటకు దూరమయ్యెను, లండను కోర్టు విధించిన చెరయు ననుభవించెను, 2016లో మరల దేశము పక్షమున ఆడెను. వాని విషయమున అందరును సంతోషింపలేదు. కాని తప్పేదో, శిక్ష యెంతో, అది యెప్పుడు ముగిసెనో ప్రతివానికిని తెలియును.

తప్పులన్నియు నొకే తూకమునకు రావనుటకు గుంటూరున పుట్టిన అంబటి రాయుడే సాక్షి. 2004లో పందొమ్మిదేండ్లలోపువారి జట్టునకు నాయకుడై ప్రపంచపోటీ కేగినవాడు, 2007లో బోర్డు గుర్తింపులేని లీగులో చేరినందున దారులన్నియు మూసికొనిపోయినవి. 2009లో బోర్డువారు క్షమించిరి. 2013లో హరారేలో దేశమునకు మొదటిసారి యాడి 63 పరుగులు చేసి అజేయుడుగా నిలిచెను. అతడు ఆటను అమ్ముకొనలేదు. వేరొకరి కొలువున చేరెను, అంతియే. అయినను మూసిన తలుపు జూదరికిని వానికిని ఒక్కటియే!

మన ధర్మశాస్త్రకారులు ఈ తారతమ్యము నెరుగనివారు కారు. మొదట మెల్లగా మందలింపు, పిమ్మట గట్టి నింద, ఆపైన ధనదండము, కడపటనే శరీరదండమని మనుస్మృతి మెట్లు కట్టినది. రాజదండ మనుభవించినవాడు పాపము కడిగికొన్నవాడే యనియు నచ్చటనే కలదు. ఇంతవరకు మెచ్చదగినదే. కాని ఆ గ్రంథమే ఒకే తప్పునకు వర్ణమునుబట్టి శిక్షను పెంచియు తగ్గించియు చెప్పినది. ఆ భేదమును మన పెద్దలు పోరాడి రాజ్యాంగమునుండి తొలగించిరి. అయినను ఆటస్థలమున నది వేషము మార్చుకొని వచ్చుచున్నది. శతకములు కొట్టువాని తప్పునకు క్షమాపణ. పండ్రెండవవాని తప్పునకు వెలి. కాలేజీ జట్టులలో దీనిని చూడని యుపాధ్యాయుడు లేడు. మరల అవకాశ మిచ్చుటకు ప్రతిభయే కారణమైనచో, అది దయయు కాదు, న్యాయమును కాదు, బేరము.

వెలి యన్నమాట మన తెలుగువారికి క్రొత్తది కాదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతువివాహము చేయించినపుడు, దానిలో పాల్గొన్నవారిని బెదరించుటకు పూర్వాచారపరులు పట్టినది ఈ యాయుధమే. దానికి విచారణ లేదు, గడువు లేదు, బదులు చెప్పుకొను చోటు లేదు. ఆ వెలిని నిరసించు మన యిండ్లలోనే, పేరుపడిన ఆటగానిపై వార్త యొకటి రాగానే సాయంకాలములోపల వెలివేయుట జరుగుచున్నది.

ఇందులకు ఎదురుమాట యొకటి కలదు; దానిని దాటిపోరాదు. కొన్ని తప్పులు ఆటకు కాక మనుష్యులకు చేయబడును. ఆటగా డొకడు తోటివిద్యార్థినిని అవమానించినను, శిక్షకు డొకడు బాలికలపట్ల దుష్టముగ ప్రవర్తించినను, క్షమించుటకు క్రీడాసంఘ మెవ్వరు? పందెమున నష్టపడినది సంఘమైనచో సంఘము క్షమింపవచ్చును. నష్టపడినది యొక పిల్లయైనచో మొదట వినవలసినది ఆ పిల్ల మాట. ఆమెను గదిలో మూలకు త్రోసి వానికి వీడ్కోలు, వానికే స్వాగతము పలుకుట పెద్దరికము కాదు. అట్టి నేరము రుజువైనవానికి బ్రతుకుతెరువు నిరాకరింపనక్కరలేదు. పిల్లలపై అధికారమును మాత్రము ఈయరాదు. బ్రతుకు వేరు, ఆట వేరు, అధికారము వేరు. ఒకటి యిచ్చినంతమాత్రమున మూడును ఇచ్చినట్లు కాదు.

ఇక మా సంగతి. ఆ విద్యార్థి పైకమిచ్చు పందెములలో వేరొకని పేరుతో ఆడెనని తోటివా డొకడు చెప్పగా, కాలేజీవారు అతనిని జట్టునుండి తొలగించిరి. దానితో ఫీజు రాయితియు పోయెను. అతని తండ్రి మా యింటికి వచ్చి, కుర్రవాని నడవడిని గూర్చి రెండుమాటలు వ్రాసియిండని వేడుకొనెను. ఐదేండ్లు మా యొద్ద చదివిన పిల్లవాడు. అయినను మేము వదంతి విని, మా పేరు చెడునను భయమున వ్రాయమైతిమి. కుర్రవానిని పిలిచి యేమి జరిగినదని యడుగనైన లేదు. అతడు చదువు మానెను. పదియేండ్లు గడచిన పిమ్మట, తండ్రుల ప్రశ్నవలన, ఈ వేసవిలో అడిగితిమి.

“ఆడింది నిజమే సార్. రెండు మ్యాచులు. పరీక్ష ఫీజుకు పైసలు లేకుండె. అప్పుడే పిలిచి అడిగుంటే అప్పుడే చెప్పెటోన్ని” అని యతడనెను.

తప్పు నిజమే. జట్టునుండి తొలగించుట తప్పని మేమనము. ఎన్నాళ్ళో చెప్పకపోవుట, వాని నోటిమాట వినకపోవుట, ఆటలోని తప్పునకు చదువును తీసివేయుట, ఇవి అన్యాయములు. వీనిలో రెండవదానియందు మాకును పాలున్నది. తండ్రులకు వెంటనే బదులు చెప్పలేకపోవుటకు కారణ మిదియే.

తుదకు వారితో నిట్లంటిమి. అతడు నేర్పవచ్చును. కాని మొదటిదినముననే తాను చేసినదానిని పిల్లలయెదుట తల్లిదండ్రులయెదుట తానే చెప్పవలెను. ఒక సంవత్సరము మా బడి ఉపాధ్యాయు డొకడు కూడనుండవలెను. పోటీల పైకము అతని చేతిమీదుగా పోరాదు. సంవత్సర మైన పిమ్మట ఈ నిబంధనలు తొలగును. ఆ తేదీని ముందే కాగితముపై వ్రాసి ఇచ్చితిమి. అతడొప్పుకొనెను. తండ్రులలో ఒక్కరు ఒప్పుకొనక తన పిల్లవానిని పంపలేదు. అది వారి హక్కు, మేము వాదింపలేదు.

పదియేండ్ల క్రిందట వ్రాయని యుత్తరమును మేము ఈ నెల వ్రాసి యిచ్చితిమి. అది యిప్పుడు అతనిని ఏ కాలేజీ జట్టునను చేర్పజాలదు. అతడు దానిని చదివి, మడచి, జేబులో పెట్టుకొని, పిల్లలు వేచియున్నారని చెప్పి మడులవైపు పోయెను.