పక్షుల లెక్క యెందుకు?

గ్రామపెద్దలారా! భూమికి లెక్క యుండెను. పశువునకు లెక్క యుండెను. చెరువు క్రింది మడికిని లెక్క యుండెను. అడవిపక్షికి మాత్రము చిరకాలము లెక్క లేదు. లెక్క లేనందున గలిగిన నష్టమును, ఉన్నచోట గలిగిన మేలును నేడు మీకు విన్నవింతును.

మన కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు నిజాము రాజ్యములో నున్న కాలమున, 1931-32 సంవత్సరములలో సాలిం అలీ గారు ఆ రాజ్యమందలి పక్షులను పరిశీలించిరి. ఆ వివరము 1933-34లో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారి పత్రికలో వెలువడెను. ఏ జాతి యెచ్చట గలదో అది తెలుపును. ఎన్ని గలవో తెలుపుట దాని యుద్దేశము గాదు.

రాబందును లెక్కింపవలెనని అప్పు డెవరికిని తోచలేదు. ఊరి వెలుపల ఎద్దు కళేబరమును వేసిన పూటనే అవి గుంపుగా దిగి, ఎముకలు మాత్రము మిగిల్చి పోవుట నేను చిన్ననాడు చూచితిని. విరివిగా నున్నదాని నెవరు లెక్కింతురు?

రాజస్థానమున భరతపురము చెంత కేవలాదేవ్ అను పక్షివనము గలదు. అచ్చట 1980 దశకమున విభు ప్రకాశ్ గారు రాబందులను, వాని గూళ్లను లెక్కించి వ్రాసి యుంచిరి. సుమారు పదియేండ్ల పిమ్మట మరల లెక్కించి, రెండు లెక్కలను పోల్చగా వాని నాశము బయటపడెను. పశువుల నొప్పులకు, వాపులకు వాడు డైక్లోఫినాక్ అను మందే కారణమని 2004లో తేలెను. ఆ మందు మిగిలియున్న కళేబరమును తిన్న రాబందు మూత్రపిండములు చెడి చచ్చును. 2006లో భారత ప్రభుత్వము పశువైద్యమున ఆ మందును నిషేధించెను. మొదటి లెక్కయే లేకున్న, ఎంత పోయినదో చెప్పగలవా రెవరు?

2013లో ఆదిలాబాదు జిల్లా బెజ్జూరు అడవులలో, పాలరాపు గుట్ట చరియపై పొడుగుముక్కు రాబందులు కానవచ్చెను. అటవీశాఖవారు కావలివాండ్ర నుంచి వానిని గమనించిరి. ఏడాదికొక్క గ్రుడ్డు పెట్టు పక్షి యది. ఒక్క పిల్ల పోయినను ఆ యేటి సంతానము పోయినట్లే.

కావున నా మనవి యొక్కటి. మీ యూర రాబందును కడసారి యే సంవత్సరమున, ఏ బీటిలో చూచితిరో పిల్లలచేత వ్రాయింపుడు. నేడు చెరువున వ్రాలు కొంగలను, బాతులను ఏటేట ఒకే మాసమున, ఒకే గట్టుపై నిలిచి లెక్కింపనిండు. మీ జ్ఞాపకము మీతో పోవును. కాగితముపై వ్రాసిన లెక్క మీ మనుమలకు నిలుచును.