నాసికా శోథకు రేడియోతరంగ చికిత్సలు

నాసికా శోథకు రేడియోతరంగ చికిత్స అనగా అధిక పౌనఃపున్య విద్యుత్తు కణజాలంలో పుట్టించే వేడితో ముక్కు లోపల చేసే చిన్న శస్త్రచికిత్స. తుమ్ములు, ముక్కుదిబ్బడ, నీరు కారడం వంటి లక్షణాలు సుమారు 12 వారాలకు మించి ఉంటే దానిని దీర్ఘకాలిక నాసికా శోథ (రైనైటిస్) అంటారు. మందులతో తగ్గనప్పుడు మాత్రమే ఈ చికిత్సను పరిశీలిస్తారు. ఇందులో ప్రధానంగా రెండు రకాలు ఉన్నాయి. ఒకటి దిబ్బడకు, రెండవది నీరు కారడానికి ఉద్దేశించినది. ఏదీ ఎలర్జీని సమూలంగా నయం చేయదు.

నేపథ్యం

ముక్కు రంధ్రాల ప్రక్క గోడల మీద ఒక్కొక్క వైపు మూడేసి మడతలు ఉంటాయి. వీటిని టర్బినేట్‌లు అంటారు. వీటిలో క్రింది టర్బినేట్ పెద్దది. పీల్చిన గాలికి తేమను చేర్చడం, దుమ్మును పట్టి ఉంచడం దీని పని. శోథ వలన ఇది ఉబ్బినప్పుడు గాలి దారి మూసుకుపోతుంది.

పల్నాడు జిల్లాలోని రెంటచింతల ఆంధ్రప్రదేశ్‌లో వేసవి ఉష్ణోగ్రతలు అత్యధికంగా నమోదయ్యే ప్రాంతాలలో ఒకటి. పల్నాడులో మిరప ముఖ్యమైన పంట. కల్లాలలో ఎండు మిరపకాయలను ఏరి బస్తాలకు ఎత్తేటప్పుడు లేచే ఘాటులోని కాప్సైసిన్ ముక్కు నాడులను రేపి తుమ్ములు, నీరు కారడం కలిగిస్తుంది. వేడి, పొడి గాలి ఉన్న ఇటువంటి చోట్ల టర్బినేట్‌ను ఎక్కువగా కోసి తీసివేస్తే ముక్కు ఎండిపోయి పక్కులు కట్టే ప్రమాదం ఉంది. అందువలన పై పొరను కాపాడే పద్ధతులకు ప్రాముఖ్యం ఉన్నది.

పద్ధతులు

* ఏకధ్రువ పద్ధతి: సూదివంటి ఎలక్ట్రోడును క్రింది టర్బినేట్ పొర అడుగున గుచ్చుతారు. విద్యుత్తు తిరిగి వెళ్ళడానికి శరీరానికి ఒక పలక అంటిస్తారు. వేడికి గురైన కణజాలం మచ్చకట్టి కుంచించుకుపోతుంది.
* ద్విధ్రువ పద్ధతి: రెండు ధ్రువాలూ సూది కొననే ఉంటాయి కనుక పలక అవసరం లేదు.
* కోబ్లేషన్: ఉప్పునీటి మాధ్యమంలో ప్లాస్మాను సృష్టించి సుమారు 40-70 డిగ్రీల సెల్సియస్ వద్దనే కణజాలాన్ని తగ్గిస్తారు.
* పృష్ఠ నాసికా నాడి చికిత్స: ముక్కు వెనుక భాగంలో స్రావాలను ప్రేరేపించే నాడి శాఖలను వేడితో నిర్వీర్యం చేస్తారు. ఇది నీరు కారేవారికి ఎక్కువగా ఉపయోగపడుతుంది.

పోలిక

2003లో టర్కీ వైద్యులు రేడియోతరంగ, కార్బన్ డయాక్సైడ్ లేజరు, పాక్షిక టర్బినేట్ తొలగింపు పద్ధతులను పోల్చారు. రేడియోతరంగ చికిత్స దిబ్బడను తగ్గించడంతో పాటు, జిగురును వెనుకకు నెట్టే సూక్ష్మకేశాల పనిని కాపాడిందనీ, లేజరు దానిని గణనీయంగా దెబ్బతీసిందనీ తేలింది.

నాడి చికిత్సపై అమెరికాలో 117 మందితో జరిపిన పరీక్ష ఫలితాలు 2021లో వెలువడ్డాయి. మూడు నెలల తరువాత లక్షణాలలో కనీసం 30 శాతం మెరుగుదల పొందినవారు చికిత్స వర్గంలో 67.5 శాతం, ఉత్తుత్తి చికిత్స పొందిన వర్గంలో 41 శాతం. అంటే ప్రయోజనం నిజమే అయినా, కనిపించిన మెరుగుదల అంతా పరికరం వలన కలిగినది కాదు.

పరిమితులు

ఈ చికిత్సలను సాధారణంగా స్థానిక మత్తుతో, ఆసుపత్రిలో ఉండనవసరం లేకుండా చేస్తారు. మొదటి రోజులలో వాపు వలన దిబ్బడ పెరగవచ్చు. పూర్తి ఫలితానికి కొన్ని వారాలు పడుతుంది. కొందరిలో కాలక్రమేణా దిబ్బడ తిరిగి రావచ్చు. ముక్కు దూలం వంకరగా ఉండటం వలన కలిగే దిబ్బడకు టర్బినేట్ చికిత్స ఒక్కటే చాలదు. పేస్‌మేకరు ఉన్నవారు ముందుగా వైద్యునికి తెలపాలి.

శస్త్రచికిత్సకు ముందు ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం, స్టెరాయిడ్ స్ప్రే క్రమంగా వాడడం ప్రయత్నించాలి. జైలోమెటజొలిన్ వంటి చుక్కల మందును రోజుల తరబడి వాడితే దిబ్బడ తిరిగి పెరుగుతుంది. అటువంటప్పుడు ఆ మందు మానడమే మొదటి చికిత్స. దుమ్ము, ఘాటు మధ్య పనిచేసేవారు చికిత్స తరువాత కూడా ముక్కుకు గుడ్డ లేదా మాస్కు కట్టుకోవాలి.

ఇవి కూడా చూడండి

* ముక్కు
* ఎలర్జీ
* మిరప
* రెంటచింతల