మూసిపెట్టిన నివేదిక

1962 చైనా యుద్ధం అనగానే మనకు సైన్యం ఓటమి గుర్తొస్తుంది. నెహ్రూ మీద జనానికున్న నమ్మకం బీటలు వారిన కథ మాత్రం అంతకు ముందే మొదలైంది. టిబెట్‌నూ సింకియాంగ్‌నూ కలుపుతూ అక్సాయ్‌చిన్ మీదుగా వేసిన రోడ్డు పూర్తయిందని చైనా 1957లోనే ప్రకటించుకుంది. మరుసటి ఏడు మన గస్తీ దళాలు వెళ్లాయి. ఒక దళాన్ని చైనా సైనికులు నిర్బంధించారు. అక్టోబరులో ఢిల్లీ నిరసన లేఖ పంపింది. పార్లమెంటు చెవిన ఆ మాట పడింది మాత్రం 1959 ఆగస్టు చివర్లో, సరిహద్దులోని లాంగ్జూలో కాల్పులు జరిగాక. సెప్టెంబరులో నెహ్రూ రెండు ప్రభుత్వాల మధ్య నడిచిన లేఖలన్నిటినీ శ్వేతపత్రంగా అచ్చువేయించాడు. నిజం చెప్పడానికి ఆయన వెనకాడే మనిషి కాదనడానికి అదే సాక్ష్యం. కానీ చెప్పాల్సిన వేళ దాటిపోయింది.

ఆ శ్వేతపత్రాలే కొంప ముంచాయని వాదించేవాళ్లున్నారు. జనం ఆగ్రహించడంతో 1960 ఏప్రిల్‌లో చైనా ప్రధాని చౌ ఎన్ లై ఢిల్లీ వచ్చినప్పుడు నెహ్రూకు ఇచ్చిపుచ్చుకునే వీలు లేకపోయిందని వాళ్ల మాట. ఇందులో నిజముంది, కొట్టిపారేయలేను. అయితే ఆ ఆగ్రహం నిజం తెలిసినందుకు పుట్టిందా, ఇన్నాళ్లూ దాచారని తెలిసినందుకు పుట్టిందా? అన్నీ ఒక్కసారే మీద పడ్డ సభకు నింపాదిగా ఆలోచించే వ్యవధి ఎక్కడిది? 1957 నుంచీ విషయం విడతలుగా తెలిసి ఉంటే సరిహద్దు చర్చ వేరే స్వరంలో సాగేదని నా నమ్మకం.

యుద్ధం వచ్చినప్పుడు ఆడవాళ్లు ఒంటి మీది నగలు తీసి రక్షణ నిధికిచ్చారు. 1963 ఆగస్టులో నెహ్రూ ప్రభుత్వం మీద కృపలానీ పెట్టిన అవిశ్వాస తీర్మానం 347–62 ఓట్లతో వీగిపోయింది. కష్టమైన నిజాన్ని కూడా అలాంటి జనం భరించగలిగేవారు. అయినా ఓటమి మీద సైనికాధికారులు హెండర్సన్ బ్రూక్స్, భగత్‌లు జరిపిన విచారణ నివేదికను బయటపెట్టలేమని రక్షణ మంత్రి చవాన్ సెప్టెంబరులో సభకు చెప్పాడు. భద్రత, సైన్యం మనోధైర్యం కారణాలన్నాడు. పటాలాలు కొండల్లో ఉన్న ఆ రోజుల్లో దాన్ని నేను ఒప్పుకుంటాను. 2010లోనూ అదే నివేదిక ఇప్పటికీ సైనికంగా సున్నితమేనని పార్లమెంటులో అప్పటి రక్షణ మంత్రి ఆంటోనీ చెప్పినప్పుడు మాత్రం ఒప్పుకోలేను. 1962 నవంబరు 19న నెహ్రూ యుద్ధ విమానాలు పంపమంటూ అమెరికా అధ్యక్షుడు కెనెడీకి రాసిన రెండు లేఖలు 2010లోనే అమెరికాలోని కెనెడీ గ్రంథాలయం నుంచి వెలుగు చూశాయి. మన ప్రధాని మాట మనకు పరాయి దేశం చెప్పాల్సి వచ్చింది. 2014లో నివేదికలో ఒక భాగాన్ని విదేశీ విలేకరి మాక్స్‌వెల్ ఇంటర్నెట్‌లో పెడితే తప్ప మనం చదవలేకపోయాం.

పైగా ఆ విచారణ పరిధి సైన్యం వరకే. రాజకీయ నిర్ణయాలను అది విచారించలేదు. నెహ్రూ తప్పెంతో, సేనానుల తప్పెంతో తేల్చే కాగితం లేక, ఆయన్ను పూజించేవాళ్లూ తిట్టేవాళ్లూ నేటికీ ఊహల మీదే పోట్లాడుకుంటున్నారు. ఆ రోజు నగలిచ్చిన తరంలో కొందరైనా బతికుండగానే ఆ నివేదికను ప్రభుత్వమే పూర్తిగా అచ్చువేయాలి.