వేటతోపాటు ఇంటికొచ్చిన సీసం

మన పెద్దల వేట గురించి మాట్లాడితే విల్లు, బాణం, బల్లెం, ఉచ్చు, కుక్కలు గుర్తొస్తాయి. నాటు తుపాకీ ఆ తరువాత వచ్చింది. తుపాకీ గురించి మనకు కథలున్నాయి, కేసులున్నాయి, పితూరీల చరిత్ర ఉంది. ఆ తుపాకీతోపాటు మన ఇళ్ళలోకి సీసం కూడా వచ్చింది. దాని చరిత్ర మాత్రం మేము చదివిన మన పుస్తకాల్లో కనిపించలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

మా చిన్నప్పుడు చూసిన సంగతి ఒకటి చెబుతాం. ఇనప గరిటెలో సీసం ముక్కలు వేసి పొయ్యి మీద పెట్టేవారు. కాసేపటికి అది వెండిలా మెరుస్తూ నీరైపోయేది. పిల్లలం చుట్టూ చేరి కూర్చునేవాళ్ళం. పైన తేలే బూడిదరంగు తెట్టును పుల్లతో పక్కకు తోసే పని మాకే ఇచ్చేవారు. ఆ పని దొరికినవాడికి ఆ రోజు ఎంత గర్వమో! తరువాత అదే పొయ్యి మీద అంబలి కాచేవారు. అదే చేతులతో మేము తినేవాళ్ళం. ఇందులో తప్పేమైనా ఉందని పెద్దలకు తెలియదు, మాకూ తెలియదు.

ఇంట్లో పోత, గోపురంలో పోత

ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల వేడి కావాలి. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. కట్టెల మంట చాలు. బరువు ఎక్కువ, మెత్తన, చవక. అందుకే ప్రపంచంలో తుపాకీ వెళ్ళిన ప్రతిచోటా వేటగాళ్ళు, సైనికులు తమ గుళ్ళు తామే పోసుకున్నారు.

1782లో ఇంగ్లండులోని బ్రిస్టల్ పట్టణంలో విలియం వాట్స్ అనే పనివాడు కొత్త పద్ధతికి పేటెంటు పొందాడు. కరిగిన సీసాన్ని ఎత్తైన చోట నుండి జల్లెడ గుండా కిందికి వదిలాడు. చినుకుల్లా పడుతూ పడుతూ అవి గుండ్రంగా అయి, కింద నీళ్ళలో చల్లబడి గట్టిపడ్డాయి. చినుకు బాగా గుండ్రంగా రావడానికి సీసంలో కొంచెం ఆర్సెనిక్ కూడా కలిపేవారు. తరువాత ఈ పని కోసమే ఎత్తైన గోపురాలు కట్టారు. పక్షులను కొట్టే చిన్న రవ్వలు అలా బస్తాల లెక్కన తయారై, ఓడలెక్కి దూరదేశాల అడవులకు చేరాయి.

క్రీ ప్రజల కథ

కెనడా ఉత్తరాన హడ్సన్ అఖాతం, దాన్ని ఆనుకుని జేమ్స్ అఖాతం ఉన్నాయి. ఆ తీరాల్లో క్రీ అనే ఆదివాసీలు ఉంటారు. 1670లో ఇంగ్లండు రాజు ఇచ్చిన అధికారపత్రంతో హడ్సన్స్ బే కంపెనీ అక్కడ వ్యాపారం మొదలుపెట్టింది. ఆదివాసీలు బీవర్ అనే జంతువు చర్మాలు తెచ్చి ఇస్తే, కంపెనీ వాళ్ళకు తుపాకులు, మందుగుండు, సీసం, గొడ్డళ్ళు, కంబళ్ళు ఇచ్చేది. మన సంతలో షావుకారు ఉప్పు ఇచ్చి చింతపండు కొలిచిన తీరు తెలిసినవారికి ఈ వ్యాపారం వేరే వివరించనక్కర్లేదు.

క్రీ ప్రజలకు అడవిబాతుల వేట పండగ లాంటిది. మంచు కరిగే కాలంలో ఒకసారి, మంచు పడబోయే ముందు ఒకసారి ఆ బాతులు గుంపులుగా వస్తాయి. కుటుంబాలు కలిసి వెళ్ళి వేటాడి, మాంసం పంచుకుంటాయి. పిల్లలు పెద్దల దగ్గర విద్య నేర్చుకునేది అక్కడే. మూడు వందల ఏళ్ళలో ఆ వేటలో బాణం స్థానం తుపాకీది అయింది. ప్రతి బాతు ఒంట్లో సీసపు రవ్వలు మిగిలాయి. కొన్ని రవ్వలు ఎముకకు తగిలి కంటికి కనిపించనంత చిన్న తునకలయ్యాయి. అవి కూరలోకి వచ్చాయి.

ఆ ఊళ్ళలో ఫ్యాక్టరీలు లేవు, బళ్ళ రద్దీ లేదు. అయినా మనుషుల రక్తంలో సీసం ఉండాల్సినదానికంటే ఎక్కువగా కనిపించింది. జేమ్స్ అఖాతం పడమటి తీరపు రోగుల ఎక్స్‌రేలను పరిశోధకులు మళ్ళీ తీసి చూస్తే, కొందరి పేగుల్లో, అపెండిక్స్‌లో తెల్లని చుక్కలు కనిపించాయి. అవి మాంసంతోపాటు మింగిన రవ్వలు.

రక్తంలోని సీసం ఎక్కడిదో తేల్చడానికి ఒక దారి ఉంది. సీసంలో బరువు తేడా ఉన్న నాలుగు రకాల అణువులుంటాయి. ఒక్కో గని సీసంలో వాటి పాళ్ళు ఒక్కో విధంగా ఉంటాయి. వేలిముద్రను బట్టి మనిషిని పట్టినట్టు, ఈ పాళ్ళను బట్టి సీసం ఎక్కడి నుండి వచ్చిందో పట్టవచ్చు. అంటారియో ఉత్తరాన ఉన్న ఆదివాసుల రక్తాన్ని, హామిల్టన్ అనే పారిశ్రామిక నగర ప్రజల రక్తాన్ని పోల్చి చేసిన పరిశోధన 2008లో అచ్చయింది. ఆదివాసుల రక్తంలోని సీసం తూటాల సీసంతో సరిపోయింది. క్విబెక్ ఉత్తరాన నునావిక్‌లో ఉండే ఇన్యూట్ ప్రజల దగ్గర కూడా ఇలాంటి పరిశోధనే జరిగింది. అక్కడ అప్పుడే పుట్టిన బిడ్డల బొడ్డుతాడు రక్తంలో సైతం ఈ సీసం జాడ దొరికింది.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పాలి. అమెరికా 1991 నాటికి నీటిపక్షుల వేటలో సీసపు రవ్వలను దేశమంతా నిషేధించింది. అది మనుషుల మీద జాలితో చేసింది కాదు. చెరువు అడుగున పడిన రవ్వలను గులకరాళ్ళనుకుని మింగి బాతులు చచ్చిపోతున్నాయని, ఆ బాతులను తిన్న గద్దలు చచ్చిపోతున్నాయని చేశారు. కెనడా 1999లో వలసపక్షుల వేటకు సీసం వాడకూడదని చట్టం చేసింది. అక్కడా పక్షుల కోసమే చర్చ మొదలైంది. అదే మాంసాన్ని తరాలుగా తింటున్న మనుషుల సంగతి తరువాతే ముందుకొచ్చింది.

ఏమైనా ఫలితం వచ్చింది. నునావిక్‌లో 1992లో ఉన్నదానితో పోలిస్తే 2004 నాటికి పెద్దల రక్తంలో సీసం సగానికంటే తక్కువకు దిగింది. వాళ్ళు బాతుల వేట మానలేదు, మాంసం పంచుకోవడం మానలేదు. సీసపు రవ్వల బదులు ఉక్కు రవ్వలు పట్టారు.

ఒంట్లోకి ఎలా పోతుంది, ఏం చేస్తుంది

సీసం కరిగే వేడి దగ్గర ఆవిరి తక్కువే. మంట పెంచేకొద్దీ ఆవిరి పెరుగుతుంది. అంతకంటే మోసం చేసేది పైన తేలే తెట్టు. అది సన్నని పొడి అయి నేల మీద, బట్టల మీద, గోళ్ళ సందుల్లో చేరుతుంది. అక్కడి నుండి అన్నం ముద్దతో నోట్లోకి పోతుంది. మాకు పుల్ల ఇచ్చి తోయించింది దాన్నే.

కాల్చేవారికి ఇంకో దారి ఉంది. ఇప్పటి తూటాల వెనక నిప్పు పుట్టించే మందులో చాలావరకు సీసపు సమ్మేళనమే ఉంటుంది. తుపాకీ పేలినప్పుడు ఆ పొగ కాల్చినవాడి ముఖం మీదికే వస్తుంది. నాలుగు గోడల మధ్య కాల్పులు నేర్పే చోట గాలి సరిగా ఆడకపోతే ప్రమాదం ఎక్కువ. మన పిల్లలు చాలామంది పోలీసు, సైన్యం, ఎన్.సి.సి.లలో చేరుతున్నారు. కాల్పుల తరువాత చేతులు, ముఖం సబ్బుతో కడగకుండా తినకూడదని, ఆ బట్టలు చంటిబిడ్డ బట్టలతో కలిపి ఉతకకూడదని వాళ్ళకు తెలియాలి.

ఒంట్లోకి వెళ్ళిన సీసాన్ని మన శరీరం సున్నం అనుకుని మోసపోతుంది. ఎముకల్లో దాచుకుంటుంది. అక్కడ అది ఏళ్ళ తరబడి ఉంటుంది. ఆడపిల్ల చిన్నప్పుడు ఎముకల్లో చేరిన సీసం, ఆమె గర్భవతి అయినప్పుడు రక్తంలోకి దిగి కడుపులో బిడ్డకు చేరగలదు. సీసానికి ఇంతవరకు ప్రమాదం లేదు అని గీసే గీత ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కడుపులోకి వెళ్ళిన సీసాన్ని చిన్నపిల్లల ఒళ్ళు పెద్దల కంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. ఇనుము, కాల్షియం తక్కువైన పిల్లలు ఇంకా ఎక్కువ పీల్చుకుంటారు. మన పిల్లల్లో రక్తహీనత ఎంత ఉందో ఉపాధ్యాయులకు వేరే చెప్పాలా?

సీసం వల్ల పిల్లవాడి తెలివి, ఏకాగ్రత తగ్గుతాయి. చూస్తే ఏ జబ్బూ కనిపించదు. పాఠం పట్టదు, కుదురుగా కూర్చోలేడు, అంతే. అలాంటి పిల్లలను "మొద్దు" అని మేమూ అన్నాం. వాళ్ళలో ఎవరి ఒంట్లోనైనా సీసం ఉందేమో అని ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు ఆ మాట తలచుకుంటే సిగ్గేస్తుంది.

మన సంగతి

చైత్రమాసంలో ఇటుకల పండగకు మన్యంలో మగవాళ్ళు వేటకు వెళ్ళడం పాత ఆచారం. 1878 ఆయుధాల చట్టం లైసెన్సు లేని తుపాకీని నేరం చేసింది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడింది తుపాకులు, తూటాల కోసమే. 1972 వన్యప్రాణి చట్టంతో వేట కూడా నేరమైంది. కాబట్టి తుపాకీ మాట ఎత్తితే మనవాళ్ళు నోరు విప్పరు. భయం వల్ల దాచిన పని గురించి దాని ప్రమాదాన్ని కూడా ఎవరూ చెప్పుకోరు. సీసానికి అదే కలిసొచ్చింది.

వేట తగ్గింది కానీ సీసం పోలేదు. విసురు వల అంచుకు కట్టే గుళ్ళు సీసమే. వాటిని పళ్ళతో నొక్కి బిగించడం మన వాగుల దగ్గర ఇప్పటికీ చూస్తున్నాం. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం తీసేవారున్నారు. ఇది మరీ ప్రమాదం. సెనెగల్ దేశపు డాకర్ నగర శివారులో బ్యాటరీల సీసం వల్ల 2007, 2008 ప్రాంతంలో 18 మంది పిల్లలు చనిపోయారు.

చేయదగినవి కష్టమైనవేం కావు. ఇంట్లో, వంట పొయ్యి మీద సీసం కరిగించకూడదు. వల గుళ్ళు పట్టకారుతో బిగించాలి, పళ్ళతో కాదు. సీసం ముట్టిన చేతులు సబ్బుతో కడగాలి. పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వకూడదు. రాగులు, ఆకుకూరలు తినిపించాలి. అనుమానం ఉంటే సీసం కోసం రక్తపరీక్ష చేయించమని డాక్టరును అడగాలి. మామూలు రక్తపరీక్షలో ఇది తెలియదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. మీ తరగతి పిల్లలను ఇళ్ళకు పంపి తాతలను, అవ్వలను అడగమనండి. గుళ్ళు ఎవరు పోసేవారు, ఎక్కడ పోసేవారు, సీసం ఏ సంతలో కొనేవారు, పక్కన ఎవరు కూర్చునేవారు? పేర్లు రాయనక్కర్లేదు, జరిగింది రాస్తే చాలు. మా ఇంట్లో ఆ ఇనప గరిటె ఇంకా అటక మీద ఉంది. అడిగిన పిల్లలకు కిందినుంచే చూపిస్తాం. వంటింట్లోకి మాత్రం రానివ్వడం లేదు.