తంబుర దించి, గొంగడి కప్పి

గొంగడి బరువు తెలియాలంటే దాన్ని వానలో భుజానేసుకొని నడవాలె. నల్లగొర్రె ఉన్నితో కురుమలు నేసిన ఆ ముతక గుడ్డ తడిసేకొద్దీ బరువెక్కుతుంది, గొర్రె వాసన కొడుతుంది. అయినా లోపల ఒళ్లు వెచ్చగానే ఉంటుంది. కరీంనగర్ పల్లెల్లో కాపరికి అదే గొడుగు, అదే పరుపు, అదే దుప్పటి. పాటగాడికి అది వేషం ఎట్లయిందో తెలియాలంటే 1970ల తొలినాళ్లకు వెళ్లాలె.

బి.నర్సింగరావు, ఆయన మిత్రులు నడిపిన ఆర్ట్ లవర్స్ అసోసియేషన్ 1972లో జన నాట్య మండలి అనే విప్లవ కళాబృందంగా మారింది. ఉత్తరాంధ్ర నుంచి వంగపండు ప్రసాదరావు, తూప్రాన్ నుంచి గుమ్మడి విఠల్‌రావు అందులో కలిశారు. విఠల్‌రావే తర్వాత గద్దర్. ఆయనకు అప్పటికి బాగా వచ్చిన విద్య బుర్రకథ. కథకుడి భుజాన తంబుర, చేతిలో అందెలు. అటొకరు ఇటొకరు గుమ్మెట మోగిస్తూ వంతలు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి, దాని షేక్ నాజర్ ఈ కళను ఎక్కడికో తీసుకుపోయారు. కొత్తగా పాట కట్టేవాడికి అంతకన్నా సిద్ధంగా దొరికే అచ్చు ఏముంటుంది?

చిక్కంతా అక్కడే. ఉత్తర తెలంగాణ పల్లెకు బుర్రకథ చుట్టం. వస్తే ఆదరిస్తారు, బాగుందంటారు. ఇంటి మనిషి మాత్రం ఒగ్గు.

ఒగ్గు అంటే శివుడి చేతి డమరుకం. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు చెప్పే కురుమ పూజారులది ఈ కళ. ఓదెల మల్లన్న దగ్గర పట్నం వేసే తీరు చూసినవాళ్లకు చెప్పనక్కరలేదు. పసుపు, కుంకుమ, పిండి వేళ్ల సందున జారుతుంటే నేల మీద ముగ్గు పరుచుకుంటుంది. ఆ పక్కన డోలు, కంజీర, తాళాలు. కథకుడు ఇప్పుడే మల్లన్న. తల మీద కొంగులా గుడ్డ లాక్కుంటే గొల్ల కేతమ్మ. ఆ గుడ్డ తీసేస్తే మళ్లీ మామూలు మనిషి, ముందు వరుసలో కునుకు తీస్తున్నవాడి మీద ఓ చెణుకు. వేములవాడ దగ్గరి హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు ఇందులో ఉద్దండుడు. జ్ఞానపీఠం అందుకున్న సి.నారాయణరెడ్డిదీ అదే ఊరు. నీళ్ల మహిమ అనుకోవాలె.

జన నాట్య మండలి ఈ ఒగ్గును పట్టుకుంది. దేవుడి కథ ఉన్నచోట కూలివాడి కథ పెట్టింది. ధోవతి, గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర, తోడుగా డప్పు, ఢోలక్. నాట్లేసేటప్పటి పాట, ఉయ్యాల పాట, వీధి భాగోతం ఒక్కొక్కటే వచ్చి చేరాయి. చెప్పే సంగతి అంతకు ముందుదే, మారింది చప్పుడు. నా లెక్కలో అసలు తెగువ అదే. సిద్ధాంతం మార్చుకున్నవాళ్లను చాలామందినే చూశాం గానీ, చప్పట్లు తెచ్చిపెడుతున్న బాణీని వదులుకున్నవాళ్లు అరుదు.

ఈ మాటంటే నాకు బీటిల్స్ గుర్తొస్తారు. గిటార్లతో ప్రపంచాన్ని ఊపిన ఆ లివర్‌పూల్ నలుగురు 1965 డిసెంబరులో వచ్చిన ‘రబ్బర్ సోల్’లో సితార్ మోగించారు. మరుసటి ఏడు ‘రివాల్వర్’లో తబలా వినిపించింది, టేపు ముక్కలు వెనక్కి తిరిగాయి. ఆ ఆల్బం వచ్చిన నెలలోనే, 1966 ఆగస్టు 29న, శాన్‌ఫ్రాన్సిస్కో కచేరీతో ఊరూరా తిరగడం మానేశారు. అభిమానుల కేకల్లో వాళ్ల పాట వాళ్లకే వినపడకపోయేది మరి. వాళ్లు జనం నుంచి స్టూడియోలోకి వెళ్లి కొత్త చప్పుడు వెతుక్కున్నారు. మనవాళ్లు జనం దగ్గరికి పోయి తెచ్చుకున్నారు.

ఇక్కడ అవసరం కూడా తరుముతోంది. 1978 సెప్టెంబరు 7న రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర. అక్టోబరుకల్లా జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు కల్లోలిత ప్రాంతాలయ్యాయి. సభ పెట్టడమే కష్టమైన రోజుల్లో ముగ్గురు మనుషులు, ఒక డప్పు, ఒక గొంగడి ఉంటే పాట నడిచిపోతుంది. గడ్డి మంట మీద డప్పు కాచుకొని, కుడిచేత సిర్ర, ఎడమచేత చిటికెన పుల్ల పట్టుకుంటే చాలు, మైకుతో పనిలేదు. 1980లో ‘మా భూమి’ తెర మీద గద్దర్ కనిపించి, నిజాం కాలంలో బండి యాదగిరి కట్టిన పాట పాడాడు. పల్లె వేషం సినిమా హాలు దాకా వచ్చేసింది.

ఆదిలాబాద్ ఇచ్చిన పాటలు వేరే. దండేపల్లి దగ్గరి లింగాపూర్‌లో పుట్టిన గూడ అంజయ్య ‘ఊరు మనదిరా’ రాశాడు. 1981 ఏప్రిల్ 20న, సోమవారం, ఇంద్రవెల్లిలో గోండుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. చనిపోయింది 13 మంది అన్నది సర్కారు లెక్క, హక్కుల సంఘాలది అంతకు ఎన్నో రెట్లు. ఆ కొండల మీదా పాటలు పుట్టాయి.

ఆ తర్వాత క్యాసెట్ వచ్చింది. 1985 నుంచి గద్దర్ అజ్ఞాతంలో ఉన్నా గొంతు ఊళ్లలోనే తిరిగింది. ఒకరి టేప్‌రికార్డర్ నుంచి మరొకరి దానికి ఎక్కించుకున్న నకలు, దాని మీద ఇంకో నకలు. రీలు చిక్కుపడితే పెన్సిల్ దూర్చి తిప్పుకునేవాళ్లం. నకలు పాతబడేకొద్దీ మాట ముద్దయ్యేది, డప్పు మాత్రం ఖణేల్మనేది. 1990 ఫిబ్రవరిలో ఆయన బయటికొచ్చి హైదరాబాద్ నిజాం కాలేజీ మైదానంలో పాడినప్పుడు, చాలామంది ఆ గొంతుకు ముఖాన్ని అప్పుడే కలుపుకున్నారు.

మొన్న సిరిసిల్ల దారిలో ఒక బరాత్ అడ్డమొచ్చింది. డీజే బాక్సుల్లో అదే నాట్ల పాట బాణీ, మాటలు మాత్రం పిల్లాపిల్లగాడివి. పక్కనే అరుగు మీద నలుగురు ఒగ్గువాళ్లు డోళ్లు ఒళ్లో పెట్టుకొని, ఎప్పుడు పిలుస్తారా అని డీజే వ్యాను వైపే చూస్తున్నారు.